పిల్లలు లేకపోతే పెళ్లి చెల్లదా? కతోలిక సభ జవాబు వెనుక కథ

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు వచ్చేవాళ్లు ఎక్కువగా వెతికే రొట్టెల్లో సంతానం రొట్టె ఒకటి. అక్కడ ఎవరి మతమేదని ఎవరూ అడగరు. బిడ్డ కోసం పడే ఆరాటం అందరిదీ ఒకటే. ఆ ఆరాటం ఇంట్లో గొడవగా మారినప్పుడు మాత్రం ఎవరి చట్టం వాళ్లది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) కుటుంబాల్లో పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండకపోతే పెద్దవాళ్లలో ఎవరో ఒకరు అడిగే మాట ఉంది: "పిల్లల్లేరు కదా, గుడిలో చేసిన పెళ్లి రద్దు చేయించుకోవచ్చా?"

కుదరదు. విచారణ గురువును, అంటే కతోలిక గుడి ఫాదర్‌ను, ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. విన్నవాళ్లకు ఇది వింతగా అనిపించడంలో తప్పేమీ లేదు. దేవుడిచ్చే బిడ్డలను ప్రేమతో స్వీకరించి, క్రీస్తు ధర్మం ప్రకారం పెంచుతారా అని పెళ్లినాడు బలిపీఠం ముందు నిలబెట్టి అడిగింది ఆ గురువే. పిల్లల కోసమే పెళ్లి అయితే పిల్లలు లేని పెళ్లి ఎలా నిలుస్తుంది? ఈ చిక్కు ఇవాళ పుట్టింది కాదు. కనీసం పదహారు వందల ఏళ్లుగా సభ (చర్చి) దీన్ని విప్పుతూనే ఉంది.

బైబిలు మొదటి పుస్తకంలోనే రెండు మాటలున్నాయి. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు స్త్రీపురుషులను సంతానంతో వృద్ధి చెందమన్నాడు. రెండో అధ్యాయంలో మనిషి ఒంటరిగా ఉండటం మంచిది కాదని తోడునిచ్చాడు, అక్కడ పిల్లల ప్రస్తావన లేదు. విడాకుల గురించి పరిసయ్యులు అడిగినప్పుడు యేసు కూడా ఇద్దరూ ఒకే శరీరమవుతారన్న మాటనే ఎత్తాడు (మత్తయి 19). పిల్లల ఊసు ఎత్తలేదు.

ఈ రెండిటినీ ఒక చోటికి చేర్చినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పీఠాధిపతి (బిషప్) అగస్టీను. 401 ప్రాంతంలో ఆయన పెళ్లి మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. బిడ్డలను కనడమే పాపమనే మానీ మతస్థులు ఒకవైపు, కన్యత్వం ముందు పెళ్లి ఎందుకూ కొరగాదన్నట్టు మాట్లాడే క్రైస్తవ సన్యాసులు మరోవైపు. ఇద్దరికీ జవాబుగా ఆయన పెళ్లిలో మూడు మేళ్లు ఉన్నాయన్నాడు: సంతానం, ఒకరికొకరు నమ్మకంగా ఉండటం, విడదీయరాని పవిత్ర బంధం. పిల్లల కోసమే పెళ్లి అని అంత గట్టిగా చెప్పిన మనిషే, సంతానం లేదని భార్యను వదిలి మరొకరిని చేసుకోకూడదని కూడా అంతే గట్టిగా చెప్పాడు. మొదటి మేలు దక్కకపోయినా మూడోది చెక్కుచెదరదన్నది ఆయన వాదన. తర్వాత వచ్చినవాళ్లు చాలావరకు ఈ చట్రంలోనే ఆలోచించారు.

12వ శతాబ్దంలో మరో తగాదా వచ్చింది. పెళ్లిని పెళ్లి చేసేది ఏది, ఇద్దరి ఒప్పుదలా, కాపురమా (అంటే శారీరకంగా కలవడమా)? బొలోన్యాలో సభా చట్ట పండితుడు గ్రేషియన్ రెండూ కావాలన్నాడు. పారిస్‌లో వేదాంత పండితుడు పీటర్ లోంబార్డ్ ఒప్పుదల చాలన్నాడు. లోంబార్డ్ పక్షానికి బలం యేసు తల్లి మరియమ్మ, జోజప్పల (యోసేపు) పెళ్లి, వాళ్లిద్దరూ శారీరకంగా కలవలేదన్నది సభ నమ్మకం. కాపురమే పెళ్లికి ప్రాణమైతే ఆ పెళ్లి పెళ్లే కాకుండా పోతుంది. అంత మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి మూడో అలెగ్జాండర్ పాపుగారు (పోప్) మధ్యేమార్గం తేల్చారు: ఒప్పుదలతో పెళ్లి అవుతుంది, కాపురంతో అది ఎవరూ విప్పలేని ముడి అవుతుంది. నెల్లూరు కథీడ్రల్ ఆ జోజప్పగారి పేరు మీదే ఉంది. పిల్లల్లేని పెళ్లి సంగతి అడగడానికి అక్కడికి వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఈ సంబంధం తడుతుందో మరి.

1563లో, పీఠాధిపతులు కూడిన త్రెంతు మహాసభ, గురువు, ఇద్దరు సాక్షులు లేకుండా చేసుకున్న రహస్య పెళ్లిళ్లు చెల్లవని శాసించింది. ఇప్పటికీ ఆదివారం పూజలో వినిపించే పెళ్లి ప్రకటనలను అన్నిచోట్లా గట్టిగా అమలు చేయించిందీ ఆ శాసనమే. దానితో పెళ్లి తతంగం స్థిరపడింది. పెళ్లి దేనికన్న ప్రశ్నను చట్టంగా రాసింది మాత్రం చాలా ఆలస్యంగా, 1917 నాటి సభా చట్టంలో. అందులో సంతానాన్ని కని పెంచడం మొదటి ప్రయోజనం. పరస్పర సహాయం, కామానికి హద్దు వేయడం రెండోది.

మన జిల్లాల కతోలికులకు సొంత మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడింది ఆ చట్టం నడుస్తున్న రోజుల్లోనే. 1928లో మద్రాసు నుంచి విడదీసి నెల్లూరు మేత్రాసనాన్ని స్థాపించారు. తొలి పీఠాధిపతి మిల్‌హిల్ అనే మిషనరీ గురువుల సభకు చెందిన విలియం బౌటర్. అప్పటి ఉపదేశులు (మత పాఠాలు చెప్పేవాళ్లు) పల్లెల్లో నేర్పిన పాఠంలో పిల్లలే ముందు, దంపతులు తర్వాత. 1930 చివరి రోజున పదకొండో భక్తినాథ (పయస్) పాపుగారు రాసిన లేఖ కూడా ఆ వరసనే నిలబెట్టింది. అయితే భార్యాభర్తలు ఒకరినొకరు తీర్చిదిద్దుకోవడం విశాలమైన అర్థంలో పెళ్లికి ముఖ్య కారణమని చెప్పొచ్చని అందులోనే ఒకచోట ఉంది. 1944లో కొందరు వేదాంత పండితులు ఈ రెండిటినీ సమానం చేయబోతే రోము ఒప్పుకోలేదు.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి గాలి మారింది. రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరులో వెలువరించిన పత్రంలో మొదటిది, రెండోది అన్న వరసే లేదు. పెళ్లి సంతానం కోసం మాత్రమే ఏర్పడలేదని, ఎంత కోరుకున్నా పిల్లలు కలగకపోయినా దాని విలువ, విడదీయరానితనం అలాగే ఉంటాయని 50వ పేరాలో రాశారు. మొదట్లో చెప్పిన ప్రశ్నకు ఇంత సూటి జవాబు అంతకుముందు ఏ మహాసభా ఇవ్వలేదు. 1969లో కొత్తగా వచ్చిన పెళ్లి క్రమంలో కూడా, వధూవరులు వయసు మళ్లినవాళ్లయితే బిడ్డల ప్రశ్న వదిలేయొచ్చు. 1983 చట్టంలో దంపతుల మేలు, సంతానాన్ని కని పెంచడం పక్కపక్కన నిలిచాయి.

దీని అర్థం పిల్లల మాట పక్కకు పోయిందని కాదు. 1968లో ఆరో పౌలు పాపుగారు ప్రేమనూ సంతానాన్నీ వేరుచేసే కృత్రిమ పద్ధతులు కూడదన్నారు. పిల్లల ఆపరేషన్లలో దేశంలోనే ముందువరసలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో కతోలిక ఇళ్లు ఆ బోధను ఎంతవరకు పాటించాయో ఎవరికీ తెలియంది కాదు. గుడిలో దాని గురించి మాట్లాడటం కూడా అరుదే.

ఒంగోలు వైపు అసలు టెన్షన్ 'పెంచడం' అన్న మాటతో వస్తుంది. ఇది బాప్టిస్టుల గడ్డ. కరువు తర్వాత 1878 జులైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన చరిత్ర అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ది. ఒకే పేటలో ఆర్‌సీఎం, బాప్టిస్టు ఇళ్లు ఉన్నప్పుడు సంబంధాలు కలుస్తాయి. కతోలికులు పసిబిడ్డకే జ్ఞానస్నానం ఇప్పిస్తారు. ఎదిగి, నమ్మి, తనంతట తాను నీళ్లలో మునిగితేనే బాప్తిస్మమని బాప్టిస్టులంటారు. ఒకప్పుడు ఇలాంటి పెళ్లికి పిల్లలందరినీ కతోలికులుగానే పెంచుతామని ఇద్దరిచేతా మాట తీసుకునేవారు. 1970 నుంచి ఆ మాట కతోలిక పక్షం ఒక్కటే ఇవ్వాలి, అదీ తనకు చేతనైనంత మేరకు. ఆ సంగతి అవతలి పక్షానికి తెలిస్తే చాలు. కాగితం మీద భారం తగ్గింది గానీ, మొదటి బిడ్డ పుట్టగానే అమ్మమ్మ, నాయనమ్మల మధ్య పంచాయితీ తప్పడం లేదు.

మళ్లీ పిల్లల్లేని జంట దగ్గరికి వద్దాం. సంతానం కలగకపోవడం పెళ్లిని చెల్లకుండా చేయదని 1983 చట్టం 1084వ నిబంధనలో స్పష్టంగా ఉంది. ఆ లోపం ముందే తెలిసి, ఒప్పుదల రాబట్టడానికి మోసంతో దాచి ఉంటే అది వేరే కేసు. పెళ్లినాడే పిల్లలు అసలు వద్దని మనసులో తీర్మానించుకుని పీఠం ముందు అవునన్నా పెళ్లి చెల్లదు. రెండిటిలోనూ చూసేది ఆ రోజు ఇచ్చిన ఒప్పుదల నిజమైనదా కాదా అనే. తర్వాత బిడ్డ పుట్టిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. గొడ్రాలనే నింద ఎప్పుడూ భార్య మీదే వేసి, పరీక్ష చేయించుకోమంటే కొడుకును వెనకేసుకొచ్చే ఇళ్లలో ఈ చట్టం ఆడపిల్లకు కాస్త అండ.

నిజంగా మోసం జరిగిందనుకుంటే సభా న్యాయస్థానానికి వెళ్లాలి. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు రెండు తీర్పులు కలవాలన్న పాత షరతును ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు ఒక్క తీర్పు చాలు. అయితే ఆ తీర్పు గుడి వరకే. సభ ఇచ్చే రద్దు సివిల్ చట్టం ముందు చెల్లదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది, 2017 జనవరిలో మళ్లీ చెప్పింది. అందుకే సభ తీర్పు చేతికొచ్చినా కోర్టు డిక్రీ లేకుండా మరో పెళ్లి చేసుకుంటే మొదటి భార్య లేదా భర్త బతికుండగా రెండో పెళ్లి చేసుకున్న నేరం కింద కేసు పడుతుంది. ఆ కాగితం చూపించినంత మాత్రాన కేసు పోదు.