నొప్పులు మొదలవక ముందే అడగాల్సిన మాట

తొలికాన్పుకు కూతురు తల్లిగారింటికి వస్తుంది. తొమ్మిది నెలలూ చూపించుకున్నది హైదరాబాద్‌లోనో మిర్యాలగూడలోనో, కాన్పు మాత్రం దేవరకొండలోనో అచ్చంపేటలోనో. నొప్పి తగ్గించే మందు విషయంలో చిక్కంతా ఇక్కడే. కాన్పు కాబోయే ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఎప్పుడూ ఉంటారా, ఆపరేషన్ ఉంటేనే పిలిపిస్తారా, రాత్రి రెండింటికి నొప్పులొస్తే వస్తారా? ఇవి ఎనిమిదో నెలలోనే అడిగి పెట్టుకోవాలి. నొప్పుల మీదున్న మనిషికి అన్నీ విని ఆలోచించుకునే ఓపిక ఉండదు.

అడిగేటప్పుడు మాట స్పష్టంగా ఉండాలి. మన దగ్గర ‘నొప్పుల సూది’ అంటే నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్. కావాల్సింది అది కాదు, నొప్పి తెలియకుండా చేసే మందు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. కారణాలు చాలా ఉన్నాయి. ‘మా పిల్ల అంత నొప్పి తట్టుకోలేదు, ఆపరేషన్ చేయండి’ అని ఇంటివాళ్లే అడగడం వాటిలో ఒకటి. భయం నొప్పి గురించే అయితే పొట్ట కోయించుకోనక్కర్లేదు. కోస్తే ఆ నొప్పి కాన్పు తర్వాతకు జరిగి, వారాల తరబడి ఉంటుంది.

ఉన్నవాటిలో బాగా పనిచేసేది ఎపిడ్యూరల్, అంటే మత్తు డాక్టరు నడుములో సన్నటి గొట్టం పెట్టి దానిలోంచి మందు ఇవ్వడం. తల్లిని కూర్చోబెట్టి ముందుకు వంచి, లేదా పక్కకు పడుకోబెట్టి, నడుము పూసల మధ్య చర్మానికి ముందు చిన్న మత్తు ఇస్తారు. సూది వెన్నుపాముకు తగులుతుందన్న భయం అక్కర్లేదు, అది అంతకు పైనే, మొదటి రెండు నడుము పూసల దగ్గరే ముగుస్తుంది. సెలైన్ నింపిన సిరంజిని సూదికి తగిలించి, బొటనవేలితో నొక్కుతూ మిల్లీమీటరు చొప్పున లోపలికి పోనిస్తారు. పూసలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీలో (స్నాయువు) ఉన్నంతసేపు సిరంజి బిగుసుకుని ఉంటుంది. అది దాటగానే ఒక్కసారిగా వదులై సెలైన్ జారిపోతుంది. అక్కడ సన్నటి గొట్టం నాలుగైదు సెంటీమీటర్లు ఉంచి సూది తీసేస్తారు. మధ్యలో నొప్పి వస్తే కదలకుండా నోటితో చెప్పాలి, డాక్టరు ఆగుతారు.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఏళ్లపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో ఈ స్నాయువులకే సున్నం పేరుకుపోయి ఉండవచ్చు. అప్పుడు సూదికి దారి దొరకదు. వంగలేకపోయినా, నడుము బిగుసుకుపోయినా ముందే చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, సూది వేసే చోట పుండున్నా ఇది వేయరు.

గొట్టంలోంచి 0.1 శాతం లేదా ఇంకా పలచని బుపివకెయిన్ (మొద్దుబార్చే మందు), కొంచెం ఫెంటనిల్‌తో (నొప్పి తగ్గించే మందు) కలిపి ఇస్తారు. 15–20 నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది, పొట్ట బిగుసుకోవడం మాత్రం తెలుస్తుంది. బీపీ పడిపోవచ్చు కాబట్టి మొదటి 20 నిమిషాలు ఐదేసి నిమిషాలకు చూస్తారు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది, అందుకే ఎడమ పక్కకు తిరగమంటారు. మందు ఒక వైపే పనిచేస్తే గొట్టాన్ని కాస్త వెనక్కు లాగుతారు, అయినా కుదరకపోతే మళ్లీ వేస్తారు. మూత్రం వచ్చినట్టు తెలియకపోతే గొట్టంతో తీస్తారు.

గర్భద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఆగాలనే పాత నియమం ఇప్పుడు లేదు. ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్లు పెరగవు, జీవితాంతం నడుము నొప్పీ రాదు. బిడ్డను ముక్కి బయటకు తోసే సమయం మాత్రం పెరుగుతుంది.

దాదాపు నూటికొకరికి సూది వెన్నులోని నీటిని పట్టి ఉంచే లోపలి పొరకు తగిలి చిల్లు పడి, కాన్పయ్యాక తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. బాలింతకు గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోవద్దు. అదే తలనొప్పి పెరిగిన బీపీ వల్ల కూడా రావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మత్తు డాక్టరు లేని చోట ఎంటోనాక్స్ అనే, మాస్క్‌తో పీల్చే నొప్పి తగ్గించే గ్యాస్ ఉందేమో అడగండి. సగం ఆక్సిజన్, సగం నైట్రస్ ఆక్సైడ్. పనిచేయడానికి అర నిమిషం పడుతుంది కాబట్టి పొట్ట బిగుసుకోవడం మొదలవగానే పీల్చాలి. మాస్క్ తల్లే పట్టుకోవాలి, అత్తమ్మో అమ్మో పట్టుకోకూడదు: మత్తు ఎక్కువైతే చేయి జారి మాస్క్ దానంతటదే పక్కకు పోవాలి. ట్రమడాల్, పెథిడిన్ సూదులు కొంతే తగ్గిస్తాయి, కాన్పుకు దగ్గర్లో ఇస్తే బిడ్డ మగతగా పుట్టి ఊపిరి నెమ్మదించవచ్చు. ఏ మందూ దొరకని చోట కూడా నడవనివ్వమనీ, నడుము కింద గట్టిగా రుద్దడానికి ఒక మనిషిని లోపలికి రానివ్వమనీ అడగవచ్చు.