పాలు కక్కే బిడ్డ, పాలు మానేసిన తల్లి: కొన్ని అపోహలు, వాస్తవాలు

"మేడమ్, బిడ్డకు పాలు పడటం లేదు."

తిరుపతిలో పిల్లల డాక్టరుగా నేను రోజూ వినే మాట ఇది. రేణిగుంట నుంచి వచ్చినా, చంద్రగిరి నుంచి వచ్చినా, పలమనేరులో బస్సెక్కి వచ్చినా ఇదే మాట. ఇందులో నాలుగు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి: తాగిన పాలు కక్కడం, సాయంత్రమైతే ఆపకుండా ఏడవడం, పాల అలర్జీ, పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అరగకపోవడం. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే మొదట దెబ్బ తగిలేది తల్లిపాలకే. ఒక ఇంట్లో డబ్బా పాలు మొదలవుతాయి. ఇంకో ఇంట్లో బాలింత కంచంలోంచి పెరుగు, పప్పు, కూరలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఆ తల్లులను చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: తాగిందంతా కక్కేస్తోంది, ఇంక ఒంటికేం పడుతుంది?

నా టేబుల్ మీద ఒక పాత గుడ్డ ఉంటుంది. రెండు చిన్న స్పూన్ల నీళ్ళు, అంటే 10 మి.లీ., దాని మీద పోసి చూపిస్తాను. గుడ్డ మీద అరచేతి కంటే పెద్ద మరక పడుతుంది. "ఇంతేనా!" అంటారు అవ్వలు. బిడ్డ కక్కినప్పుడు భుజం మీద తడిసిన చీర కొంగు కూడా ఇలాగే మనల్ని భయపెడుతుంది.

అన్నవాహిక కడుపును కలిసే చోట ఒక కండరం మూతలా పనిచేస్తుంది. చిన్న బిడ్డలో అది అప్పుడప్పుడూ దానంతటదే వదులవుతుంది. తాగేది పాలు, ఉండేది ఎక్కువసేపు పడుకునే, కాబట్టి పాలు సులువుగా పైకొస్తాయి. మూడు నెలల లోపు బిడ్డల్లో దాదాపు సగం మంది రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. నాలుగో నెల దగ్గర ఇది బాగా ఎక్కువవుతుంది, కూర్చోవడం వచ్చాక తగ్గుతుంది, ఏడాది నిండేసరికి నూటికి తొంభై మందిలో ఆగిపోతుంది. కక్కిన పాలు విరిగినట్టు ఉన్నాయని కంగారు పడకండి. కడుపులోని ఆమ్లం తగిలితే పాలు విరగడం మామూలే.

నేను ముందు అడిగేది బరువు. పుట్టిన బరువు రెండు వారాల లోపు తిరిగి రావాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. 24 గంటల్లో ఆరుసార్లయినా మూత్రం పోయాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి తూచిన బరువులు తల్లీబిడ్డల కార్డులో ఉంటాయి, ఆ కార్డు మర్చిపోకుండా తీసుకురండి. బరువు గీత పైకి పోతూ, బిడ్డ నవ్వుతూ ఆడుతూ ఉంటే ఆ కక్కుకు మందు అక్కర్లేదు. ఉతుక్కోవడానికి గుడ్డలు మాత్రం నాలుగు ఎక్కువ కావాలి.

అపోహ: సిరప్ వేస్తే కక్కు ఆగుతుంది

ఆమ్లం తగ్గించే మందులు కక్కును ఆపవు. ఆమ్లం తగ్గుతుంది, పాలు మాత్రం పైకి వస్తూనే ఉంటాయి. మామూలు ఏడుపుకూ అవి పనిచేయవు, పైగా ఛాతీ, పేగుల ఇన్ఫెక్షన్ల ముప్పు పెంచుతాయి. అన్నవాహిక నిజంగా పుండుపడిన కొద్దిమందికే వాటిని రాస్తాం. వాంతులకు వాడే డోంపెరిడోన్ చుక్కలు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి, అది గుండె లయను దెబ్బతీయగలదు. గ్రైప్ వాటర్, వాము నీళ్ళు, వస కొమ్ము అరగదీసి నాకించడం, వీధిలో అమ్మే గాడిద పాలు, ఇవేవీ వద్దు. అవ్వలు ప్రేమతోనే చేస్తారని నాకు తెలుసు. కానీ ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కలు తప్ప ఇంకేమీ నోట్లో పెట్టకూడదు. పాలు చిక్కబడాలని రాగిపిండో బిస్కెట్టో కలపడం కూడా ఇంట్లో చేసే పని కాదు.

చేయాల్సినవి చిన్న పనులు. ఏడ్చి ఏడ్చి అలసిపోకముందే పాలివ్వండి. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి త్రేన్పు రానివ్వండి. తాగాక 20, 30 నిమిషాలు భుజం మీద నిటారుగా ఎత్తుకోండి. తాగిన వెంటనే ఊయల ఊపకండి. డబ్బా పాలు తాగే బిడ్డయితే ఎంత పోస్తున్నారో లెక్క చూడండి. కిలో బరువుకు రోజంతా కలిపి దాదాపు 150 మి.లీ. చాలు. నా దగ్గరికి వచ్చే డబ్బా పాల బిడ్డల్లో చాలామందికి జబ్బేమీ ఉండదు, పట్టేది ఎక్కువ, అంతే.

అపోహ: వెల్లకిలా పడుకోబెడితే పొలమారుతుంది

ఇక్కడ నేను గట్టిగా చెప్తాను. బిడ్డను బోర్లా పడుకోబెట్టవద్దు, తలకింద దిండు పెట్టవద్దు. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకొచ్చిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎత్తు ఎక్కాలి. బోర్లా పడుకుంటే ఇది తలకిందులవుతుంది. నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం బోర్లా పడుకున్న బిడ్డల్లోనే ఎక్కువ. కక్కే బిడ్డనైనా సమంగా ఉన్న గట్టి పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టండి.

అపోహ: కక్కినా, ఏడ్చినా అది పాల అలర్జీయే

పాల అలర్జీ నిజమైన జబ్బే, కానీ తక్కువమందికి వస్తుంది. నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలకు మించదు. తల్లిపాలు మాత్రమే తాగేవాళ్ళలో ఇంకా తక్కువ, దాదాపు రెండు వందల మందిలో ఒకరు. తల్లి తిన్న ఆవు, గేదె పాల ప్రొటీన్ కొద్దిగా ఆమె పాలలోకి వస్తుంది, కొందరు బిడ్డల ఒళ్ళు దాన్ని శత్రువుగా చూస్తుంది. ఇది రెండు రకాలు. ఒకటి పాలు తాగిన నిమిషాల్లోనో, రెండు గంటల లోపో దద్దుర్లు, పెదాలు వాయడం, పిల్లికూతలుగా బయటపడుతుంది. ఊపిరికి ఇబ్బంది అయితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. రెండోది నెమ్మదిగా, గంటలకో రోజులకో తెలుస్తుంది: విరోచనంలో జిగురు, నెత్తుటి చారలు, మొండి తామర, కక్కుతో పాటు బరువు పెరగకపోవడం. ఒట్టి కక్కు, ఒట్టి ఏడుపు ఉంటే అలర్జీ అనుకోనక్కర్లేదు. ఏడుపు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో, అదీ సాయంత్రాలు, ఏ బిడ్డకైనా ఎక్కువే.

"టెస్టు రాయండి మేడమ్" అంటారు. రెండో రకానికి రక్తపరీక్ష లేదు. తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, వాటితో చేసినవన్నీ మానాలి. లక్షణాలు తగ్గితే మళ్ళీ మొదలుపెట్టి చూడాలి. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. బాగుపడింది కదా, ఇంకెందుకని భయం. కానీ వయసుతో తగ్గే కక్కు ఆ నాలుగు వారాల్లో దానంతటదే తగ్గి ఉండొచ్చు. తిరిగి తిని చూడకపోతే ఒక తల్లి కారణం లేకుండా నెలల తరబడి పథ్యం చేస్తుంది.

ఏడు వారాల బిడ్డకు నెత్తుటి చారలతో ఒకమ్మాయి వచ్చింది. బిడ్డ హుషారుగా ఉంది, జ్వరం లేదు, మలద్వారం దగ్గర చీలిక లేదు. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పాలకోవా, పాలపొడి కలిసిన బిస్కెట్లు అన్నీ ఆపించాను. నెయ్యి కూడా, ఎందుకంటే అందులో ప్రొటీన్ కొద్దిగా మిగిలే ఉంటుంది. పది రోజులకు చారలు ఆగాయి. ఈ మధ్యలో చుట్టాలు కొండకు పోయి లడ్డూ తెచ్చారట. "ప్రసాదం వద్దనకూడదు కదా మేడమ్?" అని భయంగా అడిగింది. లడ్డూ అంటే నెయ్యి. కళ్ళకద్దుకుని ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టమ్మా అన్నాను. నాలుగు వారాలయ్యాక పెరుగన్నం తినమంటే మూడో రోజుకు చారలు మళ్ళీ కనిపించాయి. ఆ బిడ్డది నిజమైన అలర్జీ. తల్లిపాలు ఒక్కరోజు కూడా ఆపలేదు.

పాలు మానిన తల్లి సగం కడుపుతో ఉండకూడదు. ఈ విషయంలో మన జిల్లా వంట మనకు అండ. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి, ఊరిబిండి, నువ్వులు, ఆకుకూరలు, గుడ్డు, చేప తినొచ్చు. కాల్షియం మాత్రలు నేను విడిగా రాస్తాను. వంకాయ, శనగపప్పు, చింతపండు పులుసు మానమని నేనెవరికీ చెప్పను.

అపోహ: ఆవు పాలు పడకపోతే మేకపాలు, లేదా నాటు ఆవు పాలు

మన పుంగనూరు ఆవంటే నాకూ గర్వమే. కానీ నాటు ఆవులవని చెప్పే 'ఏ2' రకం పాలైనా అలర్జీ బిడ్డకు అవి ఆవు పాలే. ఒక్క ప్రొటీన్‌లో చిన్న తేడా ఉంటుంది, అలర్జీ తెచ్చే మిగతా ప్రొటీన్లు అలాగే ఉంటాయి. మేక, గేదె పాల ప్రొటీన్లూ ఆవు పాలవాటికి చాలా దగ్గర, ఆవు పాలు పడని బిడ్డల్లో ఎక్కువమందికి అవీ పడవు. తల్లిపాలు లేని బిడ్డకైతే ప్రొటీన్‌ను ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక పొడి ఉంటుంది. ఖరీదెక్కువ, డాక్టరు చెప్పకుండా కొనకండి. ఏడాది లోపు ఏ పశువు పాలూ తాగడానికి పట్టవద్దు, ఇనుము తగ్గి బిడ్డ ఒంట్లో నెత్తురు తగ్గిపోతుంది.

లాక్టోజ్ సంగతి ఇంకోటి. అది ప్రొటీన్ కాదు, పాలలోని చక్కెర. తల్లి తాను ఆవు, గేదె పాలు తాగినా మానినా ఆమె చనుబాలలో అది ఉంటుంది. పుట్టుకతో అరగకపోవడం చాలా అరుదు. విరోచనాల తర్వాత కొన్నాళ్ళు అరగకపోవచ్చు, అప్పుడు కూడా తల్లిపాలు ఆపం.

వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకండి: పాలకూర రసంలా ఆకుపచ్చ వాంతి, వాంతిలో నెత్తురు, పొట్ట ఉబ్బి గట్టిపడటం, మాడు పొంగడం, జ్వరం, లేపినా లేవనంత మగత, పాలు అసలు పట్టకపోవడం. మూడు నుంచి ఆరు వారాల బిడ్డ ప్రతిసారీ దూరంగా ఎగజిమ్మినట్టు వాంతి చేసుకుని, వెంటనే ఆకలితో మళ్ళీ పాలకు ఎగబడుతుంటే కడుపు చివరి ద్వారం బిగుసుకుపోయి ఉండొచ్చు. దానికి స్కాన్ చేస్తారు, చిన్న ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతుంది. ఆకుపచ్చ వాంతి మాత్రం పేగు మెలిపడిన గుర్తు కావచ్చు, అందులో గంటలు కూడా లెక్కే. రాత్రి రెండైనా తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రికి గానీ, పిల్లల సర్జన్ ఉన్న ఏ ఆసుపత్రికైనా గానీ పోండి. ఆ మరక పడిన గుడ్డను ఉతకకుండా వెంట తీసుకుపోండి, రంగు మేము కళ్ళతో చూడాలి.