చచ్చిన చేప మెదడు వెలిగింది

2009లో బయటపెట్టిన ఒక ప్రయోగంలో, అమెరికాలో నాడీ శాస్త్రవేత్త క్రెయిగ్ బెన్నెట్ బృందం ఒక సాల్మన్ చేపను ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించింది. ఫొటోలో ఉన్నవాళ్ల మనసులో ఏముందో చెప్పమని అడిగింది కూడా. చేప అప్పటికే చచ్చిపోయి ఉంది. అయినా లెక్క తేలాక దాని మెదడులో చిన్న ఎర్ర మచ్చ కనిపించింది.

యంత్రం చెడిపోలేదు. మెదడు స్కాన్ అనగానే మనకు గుర్తొచ్చే ఆ రంగుల బొమ్మను ఫొటో అనుకుంటాం. నిజానికి అది ఒక లెక్కకు జవాబు.

ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనిచేస్తుండగా చూసే ఎంఆర్ఐ) కంటికి ఆనేది నాడీకణాల పని కాదు, వాటి చుట్టూ పారే రక్తం. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రానికి లోబడుతుందని లైనస్ పాలింగ్, చార్లెస్ కోర్యెల్ 1936లోనే కనిపెట్టారు. ఆ గుణం మెదడును చూడటానికి పనికొస్తుందని 1990లో బెల్ ల్యాబ్స్‌లో సేజీ ఒగావా ఎలుకల మీద చూపించాడు. మెదడులో ఒకచోట పని పెరిగితే, కావలసినదానికంటే ఎక్కువే ఆక్సిజన్ ఉన్న రక్తం అక్కడికి వచ్చిపడుతుంది (ఈ దుబారా ఎందుకో ఇప్పటికీ వాదనలున్నాయి). దాంతో ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ తగ్గి, స్కానర్‌కు అందే సిగ్నల్ ఏ ఒకటి రెండు శాతమో పెరుగుతుంది. అదీ తీరిగ్గా. నాడీకణం మిల్లీసెకన్లలో తన పని ముగించుకుంటే, రక్తం పోటెత్తడానికి ఐదారు సెకన్లు పడుతుంది.

అందుకే మధ్యలో ఒక గణిత నమూనా కావాలి. ఫొటో చూపిన క్షణాలను బట్టి సిగ్నల్ ఎలా లేచి ఎలా పడాలో కంప్యూటర్ ముందే గీత గీసుకుంటుంది. మెదడును రెండు మూడు మిల్లీమీటర్ల ఘనాలుగా విడగొట్టి, ఒక్కో ఘనం సిగ్నల్ ఆ గీతతో ఎంత కలిసిందో చూస్తుంది. బాగా కలిస్తే రంగు వేస్తుంది. ఒక్కో ఘనంలో లక్షల నాడీకణాలుంటాయని మరవకండి.

చిక్కు ఇక్కడే. లక్ష ఘనాలను పరీక్షించామనుకోండి. వెయ్యికి ఒక్కసారే పొరబడినా, వంద ఘనాలు ఉత్తపుణ్యానికి వెలుగుతాయి. చేప మెదడులో మచ్చ అలా వచ్చిందే. ఇన్నిసార్లు పరీక్షించామన్న సంగతిని కూడా లెక్కలో కలిపేసరికి మాయమైంది. 2012లో ఈ పనికి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ ఇచ్చారు.

అయితే ఆ సవరణకూ ఒక నమూనాయే ఆధారం. పక్కపక్క ఘనాల్లోని రొద (సిగ్నల్‌లో కలిసే అర్థంలేని హెచ్చుతగ్గులు) ఎంత దూరం దాకా ఒకేలా ఉంటుందో ముందుగా ఊహించుకోవాలి. 2016లో అండర్స్ ఎక్లుండ్ బృందం, ఏ పనీ చెప్పకుండా ఊరికే పడుకోబెట్టి తీసిన స్కాన్లను వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్లకు ఇచ్చి చూసింది. పనే లేదు కాబట్టి ఏ మచ్చ వెలిగినా తప్పే. 5 శాతం మించి రాకూడని ఆ తప్పు, కొన్ని అమరికల్లో 70 శాతం దాకా వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్‌లో 15 ఏళ్లుగా దాగున్న బగ్ కూడా దొరికింది.

ఈసారి స్కానర్‌లో పడుకున్నవాళ్లంతా బతికే ఉన్నారు.