గూగుల్‌కు దరఖాస్తు పెట్టక్కర్లేదు

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

మన ఏటికొప్పాక బొమ్మల కోసం మీరిద్దరూ వెబ్‌సైట్ పెట్టారని నాన్న చెప్పాడు. తెరిచి చూశాను, బాగుంది. తరిణి మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క ఆనిస్తున్న ఫొటో మరీ నచ్చింది. సైటు పేరు కొట్టినా గూగుల్‌లో రావడం లేదని మీ టెన్షన్. పైగా ఎవరో ఫోన్ చేసి, డబ్బు కడితే వందల సెర్చ్ ఇంజిన్లలో నమోదు చేయిస్తామన్నారట. కట్టకండి. అసలు మన దగ్గర వెతకడానికి జనం వాడేవే రెండో మూడో. వాటిలో చేరడానికి రుసుము లేదు.

ఆ ఫోన్లు ఎందుకొస్తాయో చెబుతాను. ఒకప్పుడు నిజంగానే నమోదు ఉండేది. 1994లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన సైట్లను చేత్తో జాబితా రాసుకోవడం మొదలుపెట్టారు. అదే యాహూ అయింది. 1998లో వచ్చిన డీమాజ్ అనే జాబితానైతే స్వచ్ఛందంగా పనిచేసే మనుషులే నడిపారు. సైటు వివరాలు పంపితే వాళ్లు చూసి, తగిన శీర్షిక కింద చేర్చేవారు. యాహూ జాబితా 2014 చివర్లో మూతబడింది, డీమాజ్ 2017లో. ఎవరైనా అడ్రస్ రాసి పంపేందుకు గూగుల్ పెట్టిన ఫారాన్ని 2018లో తీసేశారు. ఫారాలు పోయినా, నింపిపెడతామనే వ్యాపారం మాత్రం మిగిలింది.

ఇప్పుడు జరిగేది వేరు. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం రాత్రింబవళ్లు పేజీలు చదువుతూ, వాటిలో ఉన్న లింకుల వెంట కొత్త పేజీలకు వెళుతూ ఉంటుంది. చదివిన పేజీ పనికొస్తుందనుకుంటే గూగుల్ దాన్ని తన సూచికలో దాచుకుంటుంది. ఎవరైనా వెతికినప్పుడు ఆ సూచికలోంచి తీసి వరసపెట్టి చూపిస్తుంది. కనుక్కోవడం, దాచుకోవడం, చూపించడం మూడూ వేరువేరు పనులు. మీ సైటు ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియకుండా మందు వేయలేం.

మొదట ఈ చిన్న పరీక్ష చేయండి. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ సైటు అడ్రస్ రాయండి. పేజీలు కనిపిస్తే మీరు సూచికలో ఉన్నట్టే, వెనక వరసలో ఉన్నారంతే. ఏమీ రాకపోతే ఇంకా చేరలేదని అనుకోవచ్చు. ఇది పైపై పరీక్షే, గట్టి పరీక్ష ఇంకోటుంది, దాని దగ్గరికి వస్తాను.

చేరకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం గూగుల్ కాదు, సైటు కట్టినవాళ్లు వదిలేసిన ఒక టిక్కు. సైటు కట్టడానికి మీరు వాడింది వర్డ్‌ప్రెస్ కదా. సెట్టింగుల్లో రీడింగ్ అనే చోట, సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును చేర్చుకోవద్దని చెప్పే గడి ఉంటుంది. సైటు తయారవుతున్నప్పుడు దాన్ని టిక్ చేస్తారు, సగం పని జనం కంట పడకూడదని. పూర్తయ్యాక తీసేయడం మరిచిపోతారు. టిక్ ఉన్నంతకాలం ప్రతి పేజీలోనూ నోఇండెక్స్ అనే మాట దాక్కుని ఉంటుంది. గూగుల్ ఆ మాటను గౌరవిస్తుంది, పేజీని పక్కన పెట్టేస్తుంది. ముందు అది చూడండి.

రెండోది రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైలు. 1994లో మార్టైన్ కోస్టర్ అనే ఆయన చేసిన ప్రతిపాదన ఇది. దాదాపు మూడు దశాబ్దాలు పెద్దమనుషుల ఒప్పందంలా నడిచి, 2022లో గానీ అధికారిక ప్రమాణం కాలేదు. ఏ ప్రోగ్రాం సైటులో ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో అందులో రాసి ఉంటుంది. ఇది గేటుకు తగిలించిన బోర్డే గానీ తాళం కాదు. మర్యాద ఉన్నవాళ్లు చదివి ఆగుతారు. గూగుల్, మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ ఆగుతాయి. అందుకే సైటు మొత్తానికి రావద్దని అందులో పొరపాటున ఒక గీత పడినా మీ పేజీలను అవి చదవవు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చదువుకున్నవాళ్లే తికమకపడతారు. ఏదైనా పేజీ గూగుల్‌లో కనిపించకూడదనుకుంటే దాన్ని రోబోట్స్ ఫైలులో ఆపితే సరిపోదు. వేరే సైటు నుంచి ఆ పేజీకి లింకు ఉంటే, లోపల ఏముందో చదవకుండానే గూగుల్ దాని అడ్రస్‌ను చూపించవచ్చు. కనిపించకూడదంటే నోఇండెక్స్ పెట్టాలి, ఆ మాట చదివేందుకు రానివ్వాలి కూడా. రోబోట్స్ ఫైలులో ఆపడం, నోఇండెక్స్ రెండూ కలిపి పెడితే మొదటిది రెండోదాన్ని చంపేస్తుంది. మీ ఆర్డర్ల పేజీ విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి. కొన్నవాళ్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్నచోటికి మాత్రం ఈ రెండూ చాలవు, పాస్‌వర్డే పెట్టాలి.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్, మీ సైటు గూగుల్‌కు ఎలా కనిపిస్తోందో సొంతదారుకు చూపించే చోటు. ఉచితం. నాన్న జీమెయిల్‌తో తెరవండి, మీ కాలేజీ మెయిల్‌తో వద్దు. కాలేజీ అయిపోతే ఆ మెయిల్ పోతుంది. సైటు మీదేనని రుజువు చేయమంటుంది. డొమైన్, అంటే సైటు పేరు కొన్నచోట, ఆ పేరు ఎక్కడికి చేరాలో రాసి ఉండే డీఎన్ఎస్ సెట్టింగుల్లో కన్సోల్ ఇచ్చిన అక్షరాల వరస అతికిస్తే చాలు. ఆ రుజువయ్యాక సైట్‌మ్యాప్ అడ్రస్ ఇవ్వండి. మీ పేజీల అడ్రసులన్నీ ఒకచోట రాసి ఉన్న ఫైలు అది, వర్డ్‌ప్రెస్ దానంతట అదే తయారు చేస్తుంది. ఒక ఫైలులో 50,000 అడ్రసుల దాకా పెట్టవచ్చు. మీకు యాభై కూడా ఉండవు, కాబట్టి దిగులు లేదు. కానీ సైట్‌మ్యాప్ ఇచ్చామంటే అన్నీ చేర్చుకుంటారని కాదు. ఇవి ఉన్నాయని చెప్పడమే.

గట్టి పరీక్ష అన్నానే, అది కూడా ఇందులోనే ఉంది. పైన ఉన్న పెట్టెలో ఏ పేజీ అడ్రస్ అతికించినా, అది సూచికలో ఉందో లేదో, లేకపోతే ఎందుకో చెబుతుంది. చేర్చమని కోరే బటన్ కూడా అక్కడే. మొదటి పేజీకి, ముఖ్యమైన రెండు మూడు పేజీలకు ఒకసారి నొక్కి వదిలేయండి. రోజూ నొక్కితే త్వరగా వస్తారనేం లేదు. కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చని గూగులే చెబుతుంది.

చదివాం గానీ చేర్చలేదని కొన్ని పేజీలకు జవాబు వస్తుంది. మీ సైటుకు అలా వస్తే నాకు ఆశ్చర్యం ఉండదు. ఒక ఫొటో, ఒక ధర, కింద కొనండి అనే బటన్. అలాంటి పేజీలు లోకంలో కోట్లున్నాయి. అందులో గూగుల్ దాచుకోవడానికి ఏముంది?

నేను డీటీపీ సెంటర్ నడిపినదాన్ని కాబట్టి తెలుగు సంగతి కాస్త విడమరిచి చెప్పనివ్వండి. మీ 'మా గురించి' పేజీలో ఉన్నది రాత కాదు, బొమ్మ. ఎవరో కరపత్రానికి చేసిచ్చిన డిజైన్‌ను అలాగే పెట్టేశారు. మనిషి చదవగలడు గానీ, సెర్చ్ ఇంజిన్ దాన్ని రాతగా లెక్కలోకి తీసుకుంటుందన్న భరోసా లేదు. ఆ డిజైన్ చేసినవాళ్ల దగ్గర ఫైలు తీసుకుని అందులోంచి అతికిద్దామనుకోకండి. అది అను ఫాంట్లలో కొట్టి ఉంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు వేషం వేసేది ఆ ఫాంటు. వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్‌లో అలా కాదు. మన ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది, ఏ ఫోన్‌లో చూసినా 'అ' అంటే 'అ'నే. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ ఒక పేజీయే కదా, ఫోన్‌లో మళ్లీ టైపు చేసుకోండి. తొందరగా అయిపోతుంది.

రాసేటప్పుడు మీకు తెలిసినవి రాయండి. కొండపల్లి బొమ్మకు పొణికి చెక్క, మనదానికి అంకుడు. గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి రంగులు తీస్తారు. తిరిగే కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. 2017లో మన బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందని కొనేవాళ్లంతా అడుగుతారు కదా, నాన్న చెప్పే జవాబు యథాతథంగా రాయండి. గూగుల్‌లో కూడా జనం ఇవే అడుగుతారు. తెలుగు లిపిలో కొట్టేవాళ్లున్నారు, తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికాలో ఉండి మనవడి పుట్టినరోజుకు లక్కపిడతలు వెతికే బామ్మ ఎలా కొడుతుందో ఎవరు చూశారు? అందుకని తెలుగు పేజీ ఒకటి, ఇంగ్లీషు పేజీ ఒకటి పెట్టండి, ఒకదాంట్లోంచి ఒకదానికి లింకు ఇవ్వండి. అంతేగానీ ఒకే వాక్యంలో ఏటికొప్పాక పేరును ఆరు రకాల స్పెల్లింగుల్లో కుక్కకండి. చదివేవాళ్లకు విసుగొస్తుంది.

ప్రతి పేజీకి శీర్షిక ఉందో లేదో చూడండి. మీ మొదటి పేజీ శీర్షిక 'హోమ్' అని ఉంది. దాన్ని చూసి ఎవరు నొక్కుతారు? ఇక పేజీ తలలో మీరు దాచిపెట్టిన కీవర్డ్ల, అంటే జనం వెతుకుతారనుకున్న మాటల వరసను తీసేసినా ఉంచినా ఒకటే. వరస నిర్ణయించడానికి వాటిని చూడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఫోన్‌లో సైటు సరిగా తెరుచుకుంటుందో లేదో చూడడం అంతకన్నా ముఖ్యం. గూగుల్ ఇప్పుడు ఫోన్‌లో కనిపించే పేజీనే అసలు పేజీగా తీసుకుంటుంది.

లింకుల సంగతి. కుటుంబ వాట్సాప్ గ్రూపులన్నింటిలో లింకు పంపామన్నారు. కొనేవాళ్లు రావచ్చు గానీ గూగుల్‌బాట్ ఆ గ్రూపుల్లోకి రాదు. అందరూ చూడగలిగే పేజీలో లింకు ఉండాలి. నాన్న బొమ్మలు తీసుకెళ్లే హస్తకళల దుకాణానికి సైటు ఉంటే, కళాకారుల పేజీలో మీ అడ్రస్ పెట్టమని అడగండి. ఎగ్జిబిషన్ నిర్వాహకులను అడగండి. వికీపీడియాలో ఏటికొప్పాక వ్యాసంలోకి వెళ్లి మీ లింకు ఇరికించకండి. అక్కడి బయటి లింకులన్నింటికీ లెక్కలోకి తీసుకోవద్దనే గుర్తు ఉంటుంది, పైగా ఎవరో ఒకరు తీసేస్తారు. డబ్బిచ్చి లింకులు కొనే పని అసలు వద్దు, అది గూగుల్ నిబంధనలకే విరుద్ధం.

బింగ్‌కు వేరే లెక్క ఉంది, తేలికే. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో చేరి, సెర్చ్ కన్సోల్ నుంచి వివరాలు తెచ్చుకోమంటే తెచ్చుకుంటుంది. డక్‌డక్‌గో అనే ఇంకో సెర్చ్ ఇంజిన్ ఫలితాలు చాలావరకు బింగ్ నుంచే వస్తాయి కాబట్టి అదీ అయిపోతుంది.

మళ్లీ ఎవరైనా ఫోన్ చేసి మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అంటే, అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టిందని చెప్పి పెట్టేయండి. సైటు పాస్‌వర్డ్ గానీ డొమైన్ పాస్‌వర్డ్ గానీ అడిగితే ఆ మాట కూడా చెప్పకుండా పెట్టేయండి. డొమైన్ నాన్న పేరు మీదే ఉందా? సైటు కట్టిచ్చిన అబ్బాయి పేరు మీద ఉంటే ఈ వారమే మార్పించండి, ఇదొక్కటి మాత్రం వాయిదా వేయొద్దు.

వర్డ్‌ప్రెస్ టిక్కు సంగతి చూసి నాకు మెసేజ్ పెట్టండి. 'మా గురించి' పేజీ టైపు చేశాక ఎక్కించే ముందు పంపితే అచ్చుతప్పులు దిద్ది పంపుతాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ