చీర బాగానే ఉంది, జాకెట్టే పట్టడం లేదు: పాత బట్టల గురించి అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా నావి రెండు పనులు. పగలు, పిలిచినవాళ్ల ఇంటికి వెళ్లి బీరువా సర్దిపెడతాను. సాయంత్రం, దుకాణంలో వాడిన పట్టుచీరలు, నేత చీరలు అమ్ముతాను. రెండు చోట్లా అవే మాటలు వింటుంటాను. వాటిని నమ్మడం వల్ల ఎన్నో మంచి చీరలు పాడైపోవడం కళ్లారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏడాదిపాటు కట్టని బట్టను తీసేయాలి.

రోజూ వేసుకునే చొక్కాలకు, కుర్తాలకు ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. పట్టుచీరకు సరిపోదు. ఏడాదంతా ఇంట్లో ఒక్క పెళ్లి కూడా జరగకపోతే ధర్మవరం చీర చేసిన తప్పేముంది? నేను అడిగే ప్రశ్న వేరు: దీన్ని ఎందుకు కట్టడం లేదు? ఎక్కువగా వచ్చే జవాబు, జాకెట్టు పట్టడం లేదని. ఐదున్నర మీటర్ల చీర సన్నబడినా లావైనా సరిపోతుంది. కాన్పు తర్వాత బిగుతయ్యేది జాకెట్టు. దాని కోసం చీర మొత్తాన్ని మూలన పడేస్తాం.

కాబట్టి సర్దడం జాకెట్లతో మొదలుపెట్టండి. అన్నీ వేసుకుని చూడండి. కుట్టు పక్కన లోపల గుడ్డ వదిలి ఉంటే విప్పి వదులు చేయించవచ్చు. లేకపోతే నల్లదొకటి, బంగారు రంగుదొకటి కుట్టించుకోండి. ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఇచ్చేద్దామని ఇరవై మూడు చీరలు తీసిపెట్టారు. మూడు జాకెట్లు కుట్టించాక ఆవిడ ఇచ్చినవి ఆరే.

అపోహ: ఒకరు కట్టిన బట్ట ఇంకొకరు కట్టుకుంటే అరిష్టం.

మన ఇళ్లలో పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది పాత నూలు చీర పొత్తిళ్లలో. బిడ్డ పుట్టకముందు కొత్త బట్ట కొనని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంతను ఇష్టంగా కప్పుకుంటాం. మరి అభ్యంతరం ఎక్కడ? కట్టినవారు మనకు తెలియనివారు కావడంలో. అది శుభ్రతకు సంబంధించిన భయం. దానికి సమాధానం ఉంది. గజ్జి పురుగు ఒంటి నుంచి విడిపోయాక సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. నూలు బట్టను 50 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉతికితే సరి. పట్టును అలా ఉతకలేం గనుక వారం రోజులు కవరులో మూసి ఉంచి, తర్వాత డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. నల్లి మాత్రం తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. కుట్లు, ఫాల్ లోపలి అంచు తిప్పి చూడకుండా ఏ బట్టనూ ఇంట్లోకి తీసుకురావద్దు.

అపోహ: వాడినదంటే నాణ్యత తగ్గినదే.

నాణ్యత మగ్గం మీదే తేలిపోతుంది. పైగా వాడిన బట్ట కుదించుకుపోవలసినంత కుదించుకుపోయి, వదలవలసిన రంగు వదిలేసి వస్తుంది. కొత్తదాని విషయంలో ఇవన్నీ ఇంకా తెలియని సంగతులే.

చూడవలసిన పద్ధతి చెబుతాను. చీరను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ మడత దగ్గరే చిట్లుతుంది. మడతకు రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగండి. పోగులు విడిపోతుంటే ఆ చీరను వదిలేయండి, రఫూ చేయించినా పక్కన మళ్లీ చిట్లుతుంది. తర్వాత వెనక్కి తిప్పండి. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగులు అద్దుతారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన నకలు వెనకవైపు వెలవెలబోతుంది. గద్వాల చీరలో నూలు ఒడలికి, అంటే చీర మధ్య భాగానికి, పట్టు అంచు కలిసే గీత వెంట వేలు పోనివ్వండి, బలహీనత ఉంటే మొదట అక్కడే బయటపడుతుంది.

జరీ చూడాలంటే కొంగు చివర వేలాడే ఒక పోగును గోటితో గీకండి. అసలు జరీలో పట్టుదారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత ఉంటాయి. లోపలి దారం చాలావరకు ఎర్రగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ రేకులా ఊడివస్తే అది నకిలీ. ఒడలి పోగును కాలిస్తే పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడిగా రాలుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది.

అసలు పట్టని తెలిపే సిల్క్ మార్క్ గుర్తు 2004లో, చేనేత అని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చాయి. అంతకుముందు నేసిన చీరకు ఆ గుర్తు లేదని వెనక్కి ఇచ్చేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. మూలన పసుపు చుక్క కనిపించినా లోపం అనుకోకండి. ఎవరో ముచ్చటగా కట్టుకున్న గుర్తు అది.

అపోహ: పాత పట్టుచీర విలువ జరీలోని వెండి ఎంతో అంతే.

పాత పట్టుచీరలు కొంటామని వీధిలో తిరిగేవారిలో చాలామంది చీరను కాల్చి వెండి తీయడానికే కొంటారు. ఒడలు పొడిపొడి అవుతున్న చీరకు అది తగిన దారే. గట్టిగా ఉన్న చీరను మాత్రం అలా ఇవ్వకండి. నేత పనికి తూకంలో ఒక్క రూపాయి కూడా రాదు. ఒడలు పోయి అంచు బాగుంటే ఆ అంచును వేరే చీరకు వేయించుకోవచ్చు.

అపోహ: నాఫ్తలీన్ ఉండలు వేసి ప్లాస్టిక్ కవరులో పెడితే భద్రం.

జరీ నల్లబడుతుంది, తేమ లోపలే ఉండిపోతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. గంజి పెట్టిన చీరను అలాగే దాచకండి, గంజికి పురుగు చేరుతుంది.

అపోహ: ఇచ్చేస్తే చాలు, ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో, దానంగా వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. 1999లో మొదలైన గూంజ్ లాంటి సంస్థలు పాత నూలు గుడ్డను శుభ్రం చేసి నెలసరి ప్యాడ్లుగా కూడా మారుస్తున్నాయి. అయినా మనం ఇచ్చేది ఉతికి, గుండీలు కుట్టి, లంగాకు బొందు ఎక్కించి ఇవ్వాలి. చిరిగిన ఉన్ని బట్టలు హర్యానాలోని పానిపట్ చేరితే అక్కడ వాటిని పీచు చేసి, మళ్లీ వడికి దుప్పట్లు నేస్తారు. పాత బనియన్లు మెకానిక్ షెడ్డుకు ఇవ్వండి.

చీర అమ్మేటప్పుడు, పట్టని ఆ జాకెట్టును కూడా జతచేసి ఇవ్వండి. ఎప్పుడైనా చీరకు చిన్న చిరుగు పడితే, రఫూ చేసేవారు ఆ జాకెట్టు లోపలి కుట్లలో మిగిలిన గుడ్డ నుంచి అదే రంగు పోగులు తీసుకుంటారు.