కష్టకాలంలో దేవుని ప్రేమ: సంఘంలో వినిపించే అపోహలు, వాక్యం చెప్పే వాస్తవాలు

ఆసుపత్రి వార్డులు, మరణం జరిగిన ఇళ్లలో పెట్టే ఆదరణ కూడికలు, అప్పులవాళ్లు వచ్చి వెళ్లిన ఇళ్లు: సంఘకాపరిగా నా పనిలో ఎక్కువ భాగం వీటి మధ్యనే గడుస్తుంది. కష్టంలో ఉన్న విశ్వాసికి బంధువులు, తోటి విశ్వాసులు ఎంతో ప్రేమతో చెప్పే కొన్ని మాటలు అతని మీద రెండో బరువు మోపుతాయి. రోగం ఒక భారమైతే, ఆ రోగం వల్ల తన విశ్వాసమే తక్కువేమో అన్న అనుమానం మరో భారం అవుతుంది. అలాంటి మాటలను వాక్యంతో సరిచూడడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: కష్టం వచ్చిందంటే ఎక్కడో దాచిన పాపం ఉన్నట్టే.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే. పాపం చేసినది వీడా, వీని కన్నవారా అని వారు అడిగితే, ఎవరూ కాదని యేసు స్పష్టంగా చెప్పాడు (యోహాను 9:3). సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది యెరూషలేములోని మిగిలినవారికంటే పాపులు కారని కూడా ఆయనే అన్నాడు (లూకా 13:4). యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు మెదపకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మేలు అంతవరకే. ఆ తరువాత వారు నోరు తెరిచి అతని పాపాన్ని వెదకసాగారు, చివరికి దేవుని కోపం యోబు మీద కాక వారి మీదనే రగిలింది (యోబు 42:7). తాగుడు వల్ల కాలేయం చెడడం, పూచీ పడి ఆస్తి పోగొట్టుకోవడం వంటి చోట్ల కారణం మన కళ్లముందే ఉంటుంది, దాన్ని దాచవలసిన పని లేదు. అయితే పసిబిడ్డకు లుకేమియా వచ్చిన తల్లిని కూర్చోబెట్టి, మీ వంశంలో ఎవరి శాపమో ఒప్పుకోండని అడగడానికి లేఖనంలో ఆధారం లేదు. అటువంటి విచారణ ప్రార్థన పేరుతో జరిగినా దాన్ని ఆపడం కాపరి బాధ్యత అని నా అభిప్రాయం.

అపోహ: నిజమైన విశ్వాసి ఏడవకూడదు, దేవుణ్ణి ప్రశ్నించకూడదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా ఎదుర్కొనే అపోహ ఇది. సమాధి కార్యక్రమంలో భార్య గట్టిగా ఏడవగానే ఎవరో ఒకరు వచ్చి, నిరీక్షణ లేనివారిలా ఏడవకమ్మా అని 1 థెస్సలొనీకయుల పత్రిక మాట గుర్తుచేస్తారు. ఆ వచనం నిరీక్షణ లేనివారి దుఃఖం వంటి దుఃఖం వద్దంటుందే గాని, దుఃఖమే వద్దనదు. లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. సిలువ మీద ఆయన నోట వచ్చిన "నా దేవా, నా దేవా" అన్న కేక ఇరవై రెండవ కీర్తనలోని తొలి మాట. అది దేవుణ్ణి అడిగిన ప్రశ్నే.

కీర్తనల గ్రంథాన్ని మనం స్తుతి పుస్తకంగానే చదువుతాం గాని, అందులో మొర పెట్టే కీర్తనలు చాలా ఎక్కువ. పదమూడవ కీర్తన ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణే నిలదీస్తూ మొదలవుతుంది. ఎనభై ఎనిమిదవ కీర్తనలోనైతే చివరి వచనం వరకు వెలుగు కనబడదు. చీకటియే నాకు బంధువర్గమాయెను అన్న మాటతో అది ముగుస్తుంది. ఆ ప్రార్థనను ఎవరూ లేఖనంలో నుండి తీసివేయలేదు, దాని చివర ఓదార్పు వాక్యమూ చేర్చలేదు. అందుకే బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లినప్పుడు ఓదార్పు కోసం అందరూ చదివే ఇరవై మూడవ కీర్తనను నేను మొదట తెరవను. పదమూడవది నెమ్మదిగా చదువుతాను, ఉన్నవి ఆరు వచనాలే. తమ గుండెలో ఉన్న మాటే బైబిలులో ఉందని వారికి తెలిసినప్పుడు, అంతవరకు దేవునితో మాట్లాడడం మానేసినవారు కూడా ఒక మాట ఆయనతో అంటారు, కొన్నిసార్లు కోపంగానే. దేవునితో కోపంగా మాట్లాడేవారు ఆయనతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు కదా!

అపోహ: వాగ్దానం వచ్చింది కాబట్టి ఈ ఏడాదే కష్టం తీరిపోతుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డుల మీద తరచుగా కనిపించే వచనం యిర్మీయా 29:11. రాబోయే కాలంలో నిరీక్షణ కలిగేలా, సమాధానకరమైన ఉద్దేశాలే మీ విషయంలో నాకున్నవని దేవుడు అందులో చెప్తాడు. కార్డు మీద అచ్చు కానిది దాని పై వచనం: బబులోనుకు డెబ్బై సంవత్సరాలు నిండిన తరువాతనే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని అది అంటుంది. బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది చెరలోనే కన్నుమూసి ఉంటారు. వారికి దేవుడు చెప్పిన పని ఇళ్లు కట్టుకొని కాపురముండడం, తోటలు నాటడం, పిల్లలకు పెళ్లిళ్లు చేయడం. ప్రేమించే దేవుడు పరాయి దేశంలో బతకడానికి ఇచ్చిన బలం అది. ఇక ప్రత్యేక కానుక ఇస్తే గడువు తగ్గుతుందన్న బోధ విషయంలో నేను చెప్పేది ఒక్కటే: ఆసుపత్రి బిల్లు కట్టవలసిన డబ్బును కానుకగా తీసుకోకూడదు.

అపోహ: మందులు వాడితే, మానసిక వైద్యుని దగ్గరికి వెళితే విశ్వాసం లేనట్టే.

పౌలుతో కలిసి ప్రయాణించిన లూకా వైద్యుడు. కడుపునొప్పితో బాధపడే తిమోతికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు సలహా ఇచ్చాడు, తన సహచరుడు త్రోఫిమును మాత్రం రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. మన విశ్వాసులెందరో రైలెక్కి వెళ్లే వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి కూడా 1900లో ఐడా స్కడర్ ఒకే మంచంతో మొదలుపెట్టిన క్రైస్తవ సేవ. క్షయకు సాధారణంగా ఆరు నెలల మందులు వాడాలి. మధ్యలో ఆపేస్తే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంది. కాబట్టి "స్వస్థత పొందాను, మాత్రలు ఆపేశాను" అని సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేస్తే, ముందు వైద్యునికి చూపించి రమ్మని చెప్పడం సంఘపెద్దల పని.

మనసుకు వచ్చే జబ్బు విషయంలో ఏలీయా కథ నాకు ఎంతో విలువైనది. బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ఆ ప్రవక్తను దేవదూత గద్దించలేదు, అతనికి ప్రసంగమూ చేయలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించినదని ఒప్పుకున్నాడు (1 రాజులు 19). నిద్ర, ఆకలి లేక, దేనిమీదా ఆసక్తి కలగక రెండు వారాలు దాటితే, ప్రార్థనతోపాటు వైద్యుని సహాయం తప్పక తీసుకోవాలి. చనిపోవాలన్న తలంపు వస్తే రెండు వారాలు కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అపోహ: మోయలేని భారం దేవుడు ఇవ్వడు, కాబట్టి నీవు ఒంటరిగానైనా నిలబడాలి.

దీనికి ఆధారంగా చూపే 1 కొరింథీయులకు 10:13 ఉన్న అధ్యాయం విగ్రహారాధన, వ్యభిచారం వంటి శోధనల గురించి మాట్లాడుతుంది. ఆసియలో తనకు వచ్చిన శ్రమ గురించైతే పౌలు, మా శక్తికి మించిన భారం వల్ల బతుకుతామన్న నమ్మకమే లేకుండా క్రుంగిపోయామని అదే సంఘానికి రాసిన రెండవ పత్రికలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఆటోల వెనుక కనిపించే ఫిలిప్పీ 4:13 కూడా బంధకాలలో ఉన్న మనిషి రాసిన మాట. నన్ను బలపరచువానియందే సమస్తము చేయగలనన్న వెంటనే, నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అని అతడు ఫిలిప్పీయులను మెచ్చుకున్నాడు. క్రీస్తు ఇచ్చే బలం, ఫిలిప్పీయుల దగ్గరనుండి ఎపఫ్రొదితు మోసుకొచ్చిన సహాయం అతనికి రెండు వేరు వేరు విషయాలు కావు.

తెలుగు నేల మీద కూడా ఈ సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి నిర్మాణం కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ పోస్నెట్ పనికి తిండి ఇచ్చే ఏర్పాటుగా సాగింది. దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడన్న మాట ఆ కుటుంబాలకు కూలిగా, తిండిగా చేరింది.

అందుకే మా సంఘంలో పరామర్శకు వెళ్లేవారికి కొన్ని సూచనలు ఇస్తాను. ఎందుకు జరిగిందో వివరించకండి. ప్రార్థన చిన్నదిగా చేయండి. ఏమైనా కావాలంటే చెప్పండి అని వచ్చేయకుండా, ఏ రాత్రి ఆసుపత్రిలో రోగి దగ్గర పడుకుంటారో, ఏ రోజు పిల్లల్ని బడికి దింపుతారో మీరే చెప్పండి. ఆదరణ కూడిక అయిన తరువాత వచ్చేవారు తగ్గిపోతారు. రెండో నెలలో, పింఛను కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల్లో, మొదటి క్రిస్మస్‌కు ఎవరు ఆ ఇంటికి వెళ్తారో ఇప్పుడే పేర్లు రాసుకోండి.