కౌన్సెలర్ కావాలంటే గుణుపురం పిల్లలకు దారేది?

2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక కీలకమైన మాట చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండి తీరాలంది. కోచింగ్ కేంద్రాలకూ ఇది వర్తిస్తుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మరణం కేసులో వచ్చిన తీర్పు ఇది. మరుసటి నెలలోనే విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ ఇంకో ఆదేశం ఇచ్చింది: సైకాలజీని ఇకపై దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ బోధించకూడదు.

రెండు ఆదేశాలూ సబబైనవే. పుస్తకాలు చదివి పరీక్ష రాసినంత మాత్రాన ఎదుటి మనిషి బాధ వినడం రాదు. అయితే దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ రెండూ ఒకేసారి తగిలాయి. పిల్లల్ని కోచింగ్‌కు విశాఖ పంపేది వీళ్లే. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చదివి ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లూ వీళ్లలో ఉన్నారు.

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. మతి చలించిన మనిషిని విశాఖలోని వాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లడం అంటే సొంత రాష్ట్రంలోని ఆసుపత్రికి వెళ్లడమే. సరిహద్దు గీత మారినా ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే విశాఖ మాటే ఇప్పటికీ ముందు వినిపిస్తుంది. డాక్టరు ముందు తెలుగులో చెప్పుకోవచ్చన్నది దానికి పెద్ద కారణం.

శిక్షణ కథ మాత్రం వేరే ఊళ్లలో నడిచింది. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ మానసిక వైద్యానికి శిక్షణ పొందిన సిబ్బంది కావాలని సిఫారసు చేసింది. దాని ఫలితంగా 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది. నేటి నిమ్‌హాన్స్‌కు మూలం అదే. క్లినికల్ సైకాలజిస్టులకు శిక్షణగా అక్కడ 1955లో మొదలైన డిప్లొమా 1978లో ఎంఫిల్‌గా మారింది. రాంచీలో అలాంటి కోర్సు 1962లో వచ్చింది. 1992 నాటి పునరావాస మండలి చట్టం, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ రెండేళ్ల ఎంఫిల్‌నే క్లినికల్ సైకాలజిస్టుకు గీటురాయిగా నిలిపాయి.

ఆ శిక్షణ విలువను తక్కువ చేయలేం. విద్యార్థి రోగి ఎదుట కూర్చుని అతని జబ్బు చరిత్ర రాసుకుంటాడు, పరీక్షలు పెడతాడు, పర్యవేక్షించే గురువు దాన్నంతా తిరగేసి ప్రశ్నిస్తాడు. 1955లో వచ్చిన భాటియా ప్రజ్ఞా పరీక్షనే తీసుకోండి. రంగు దిమ్మెలు పేర్చడం, గీతలు గీయడం, ముక్కలు కలిపి బొమ్మ చేయడం చేతిపని. భాష పెద్దగా అడ్డురాదు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పే అంశం దగ్గరికి వచ్చేసరికి, తెలుగు తప్ప రాని పర్లాకిమిడి పిల్లవాడికి పరీక్ష పెట్టేవాడి ఒడియా ఉచ్చారణే అవరోధం. చికిత్సలో ఈ అగాధం ఇంకా పెద్దది. అక్కడ మాటే మందు కదా.

ఎంఫిల్ సీట్లు ఎప్పుడూ కొద్దివే. దానికి కింది మెట్టుగా, పర్యవేక్షణలో పని నేర్చిన కౌన్సెలర్ అనే వృత్తిని మన చట్టాలు చాలాకాలం గుర్తించనే లేదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1976లోనే కౌన్సెలర్లకు లైసెన్సు చట్టం చేసింది. అక్కడ గుర్తింపు పొందిన క్లినికల్ కౌన్సెలింగ్ మాస్టర్స్ కోర్సులో పర్యవేక్షణలో చేసే తొలి ఆచరణ శిక్షణ (ప్రాక్టికమ్) 100 గంటలు, ఆపైన ఇంటర్న్‌షిప్ 600 గంటలు. మన ఎమ్మే సైకాలజీ చాలాచోట్ల తరగతి గదితోనే సరిపెట్టుకుంది.

ఆ ఖాళీ గంజాంలో ఎలా నిండిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లినవారి ద్వారా హెచ్‌ఐవీ జిల్లాకు చేరాక, ఆసుపత్రి పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్లను పెట్టారు. చాలామంది ఆ హోదాను మొదట చూసింది అక్కడే. వాళ్లకు దొరికింది కొద్దిరోజుల శిక్షణ. ఫలితం చెప్పడం, ఏడుస్తున్న భార్యకు ధైర్యం చెప్పడం, మందు మానకుండా చూడడం పనిలోనే నేర్చుకున్నారు. నా దృష్టిలో ఈ ప్రాంతపు తొలి కౌన్సెలింగ్ పాఠశాల అదే, పట్టా ఇవ్వలేదంతే.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఎట్టకేలకు సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ తన జాబితాలో చేర్చింది. దూరవిద్యపై నిషేధం దాని నీడలో వచ్చిందే. ఇటు నూతన విద్యావిధానం ఎంఫిల్‌కు మంగళం పాడింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు గడువిచ్చారు. పాత మెట్టు విరుగుతున్నా, కొత్త మెట్టు సరిహద్దు జిల్లాల దాకా రాలేదు.

బరంపురంలో, కోరాపుట్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి మానసిక వైద్య విభాగాల్లో తెలుగు రోగులూ కూర్చుంటారు. పర్యవేక్షణతో కూడిన కౌన్సెలింగ్ కోర్సును అక్కడ పెట్టి, తెలుగు, ఒడియా రెండూ వచ్చినవారికి కొన్ని సీట్లు కేటాయించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. అడగాల్సింది ఒడిశా ప్రభుత్వాన్నే.